దీపస్తంభపు ఇంటి ఆడపడుచు – గ్రేస్ డార్లింగ్

ఈ శతవార్షిక సంచికకు ఎవరైనా ఒక ప్రసిద్ధ స్త్రీ జీవితమును గూర్చి వ్రాసి ఇమ్మని సంఘ పెద్దలు అడిగినప్పుడు మాకు మొదట జ్ఞాపకము వచ్చిన పేరు గ్రేస్ డార్లింగ్. మన సంఘములో చాలామందికి ఈమె కొత్త కాదు. చిన్నప్పుడు సండేస్కూలులో మా దగ్గర కూర్చున్న వారందరూ ఈ కథ విన్నవారే. పెనుతుపాను రాత్రి ఆర్తనాదములు విని మేలుకొని, తండ్రి వద్దని వారించినా వినక, ఒంటరిగా పడవ వేసుకొని సముద్రములోనికి పోయి, పగిలిన ఓడలోని వారినందరిని రక్షించిన బాలిక అని మేము చెప్పాము. నీలిగుడ్డ పరచి, దానిమీద కాగితపు పడవ అతికించి, అందులో జుట్టు విరబోసుకొన్న ఒక్క ఆడపిల్ల బొమ్మను నిలబెట్టి ఇరవై ఏండ్లకు పైగా అదే కథ అదే విధముగా చెప్పాము.

ఆ కథలో సగము సరికాదు. ఆ సంగతి మాకు తెలిసినది ఆమె నివసించిన దీపస్తంభము మెట్లు ఎక్కిన తరువాతనే. చెప్పిన నోటితోనే దిద్దుకొనుట న్యాయము గనుక ఈ వ్యాసము వ్రాస్తున్నాము.

మా కుమారుడు ఉద్యోగరీత్యా ఇంగ్లండు దేశములోని న్యూకాసిల్ పట్టణములో ఉండగా మేమిద్దరము ఒక వేసవిలో అక్కడికి వెళ్లాము. అక్కడినుండి ఉత్తరముగా సముద్రతీరము వెంట పోతే సీహౌసెస్ అనే చిన్న రేవు వస్తుంది. ఆ రేవునుండి యాత్రికుల పడవలు ఫార్న్ దీవులకు పోతాయి. దీవులు అంటే మన కోనసీమ లంకలవంటి పచ్చని నేల అనుకోరాదు. అవి సముద్రములోనుండి వీపు పైకెత్తిన నల్లని బండలు. చెట్టు లేదు. పోటు వేళ కొన్ని మునిగిపోతాయి, పాటు వేళ మరికొన్ని పైకి తేలుతాయి. ఓడలకు ప్రాణాంతకమైనవి ఈ మునిగి తేలే బండలే. బండలమీద సీలు జంతువులు బద్ధకముగా పడుకొని ఉంటాయి. రంగు ముక్కుల పఫిన్ పక్షులు వేలకొలదిగా ఎగురుతుంటాయి. మా ఇంటావిడ పక్షులను చూచి సంతోషించింది గాని, పడవ ఊగుడుకు తిన్నది నిలువక చాలా బాధపడింది. ఆ దినము సముద్రము శాంతముగా ఉన్నదని పడవవారు అన్నారు!

తీరమునకు దగ్గరగా ఉన్న దీవిని ఇన్నర్ ఫార్న్ అంటారు. పరిశుద్ధ కత్బర్టు ఏకాంత ప్రార్థనలో గడిపి, 687వ సంవత్సరములో ప్రభువునందు నిద్రించినది అక్కడే. దానిని దాటి ఇంకా లోపలికి పోగా చివరిగా కనుపించేది లాంగ్‌స్టోన్. ఎరుపు, తెలుపు పట్టీల గోపురము, దానిని ఆనుకొని తెల్లని ఇల్లు, చుట్టు ప్రహరీ. అంతకుమించి ఆ బండమీద మరేమియు లేదు.

గ్రేస్ డార్లింగ్ 1815 నవంబరు 24న ఎదురుగా ఉన్న తీరమునందలి బాంబరో గ్రామములో, తల్లిగారి పుట్టింట జన్మించింది. తండ్రి విలియం డార్లింగ్ గారు, తల్లి థామసిన్ గారు. వారికి తొమ్మిదిమంది సంతానము. గ్రేస్ ఏడవది. ఆమె తరువాత కవల మగపిల్లలు. బాంబరోలో పరిశుద్ధ ఏడన్ పేరిట ఉన్న దేవాలయములోనే ఆమెకు బాప్తిస్మము ఇచ్చారు. కొద్ది వారముల పసిగుడ్డుగా ఉన్నప్పుడే తలిదండ్రులు ఆమెను పడవలో బ్రౌన్స్‌మన్ అనే దీవికి తీసుకొనిపోయారు. అక్కడి దీపస్తంభమునకు తాతగారు మునుపు కాపరి. ఆ పని తరువాత తండ్రికి వచ్చింది. అంటే దీపము కాయుట ఆ ఇంటి కులవృత్తి అయినది.

బ్రౌన్స్‌మన్ దీపము ఉండవలసిన చోట లేదని, అది వెలుగుతూ ఉన్నా వెలుపలి బండలకు ఓడలు తగులుతూనే ఉన్నవని అనుభవము మీద తేలింది. అందుచేత అన్నిటికంటె వెలుపలి వరుసలో లాంగ్‌స్టోన్ మీద కొత్త స్తంభము కట్టి, 1826 ఫిబ్రవరిలో దీపము వెలిగించారు. గ్రేస్‌కు అప్పుడు పదేండ్లు. బ్రౌన్స్‌మన్‌లో కాస్త మట్టి, తోట, మేకలకు మేత ఉండేవి. లాంగ్‌స్టోన్‌లో చారెడు మట్టి కూడ లేదు. కూరగాయలు కావలెనంటే తెడ్లు వేసుకొని పాత దీవికి పోవలసినదే.

మేము ఎక్కి చూచిన ఇల్లు ఆ స్తంభమే. క్రింది అంతస్తు గుండ్రని గది. వంట, భోజనము, చదువు, ప్రార్థన అన్నియు అందులోనే. దానిపైన పడక గదులు, అన్నిటిపైన దీపపు గది. మెట్లు గోడ వెంట చుట్టు తిరుగుతూ పోతాయి. రాత్రి దీపమునకు నూనె చూచుట, వత్తి కత్తిరించుట, వెనుక అద్దమువలె మెరిసే పళ్లెములను తుడుచుట, యంత్రము ఆగకుండ బరువులు పైకి చుట్టుట – ఈ పనులకు రాత్రి అంతా ఒకరు మేలుకొని ఉండవలెను. పగలు నిద్రపోదామంటే ఇంటి పని ఉండనే ఉంటుంది. తండ్రిగారు పిల్లలకు తానే చదువు చెప్పారు. దైవ సంబంధమైన పుస్తకములు, భూగోళము, చరిత్ర ఆ ఇంట ఉండేవి. పేకముక్కలకు, కల్పిత కథలకు అక్కడ చోటు లేదు. అల్లిక, కుట్టు, నూలు వడకుట గ్రేస్ నేర్చుకొన్నది. ఆ బండమీద ఉండుట విసుగు కాదా అని తరువాత ఎవరో అడిగితే, తనకు తీరిక అనేది ఉంటే గదా విసుగు అన్న అర్థము వచ్చునట్లు ఆమె జాబు వ్రాసింది. ఈ మాట మా ఆడవారికి బాగా నచ్చింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పవలెను. మా పాత కథలో ఇది లేదు. విలియం డార్లింగ్ గారు ఓడ పగిలిన వారిని రక్షించుటకు పోవుట 1838లోనే మొదటిసారి కాదు. 1834 డిసెంబరులో ఒక చిన్న సరకు ఓడ ఆ దీవుల దగ్గర బండకు తగిలి పగిలినప్పుడు ఆయన తన ముగ్గురు కుమారులతో తెడ్లు వేసుకొని పోయి, ఒక మనిషిని బ్రతికించి తెచ్చారు. ఆ పని ఏ పత్రికకూ ఎక్కలేదు. కొడుకులు ఇంట ఉంటే కొడుకులు పోయేవారు. 1838 సెప్టెంబరులో పెద్దవారు తమ తమ బ్రతుకులకు పోయారు. చివరివాడు విలియం బ్రూక్స్ ఆ రాత్రి తీరమున చేపల పనిలో ఉన్నాడు. ఇంట ఉన్నది ముగ్గురే – తండ్రి, తల్లి, ఇరవై రెండేండ్ల కూతురు.

ఫర్ఫార్‌షైర్ అనే ఆవిరి ఓడ 1838 సెప్టెంబరు 5న సాయంత్రము హల్ రేవునుండి ఉత్తరాన డండీ పట్టణమునకు బయలుదేరింది. రెండు ప్రక్కల చక్రములతో నడిచే ఓడ, కట్టి కొద్ది ఏండ్లే అయినది. దారిలో బాయిలరు కారనారంభించింది. రేవులోనికి తిరిగి పోయి బాగుచేయించుకొనక ముందుకే సాగింది. మరుసటి రాత్రికి ఉత్తరపు గాలి పెనుగాలి అయినది. ఇంజను ఆగిపోయింది. తెరచాపలు ఎత్తి గాలికి దక్షిణముగా కొట్టుకొని వస్తూ, దీవుల మరుగున తలదాచుకొందామని కెప్టెన్ జాన్ హంబుల్ ప్రయత్నించాడు. ఒక దీపము కనుపించింది. అది తీరమునకు దగ్గరి దీపమని ఆయన పొరబడ్డాడని చెబుతారు. అది లాంగ్‌స్టోన్ దీపము. 7వ తేది శుక్రవారము తెల్లవారుజామున సుమారు నాలుగు గంటలకు ఓడ బిగ్ హార్కర్ అనే బండకు తగిలి, కొద్ది నిమిషములలో నడిమికి రెండు ముక్కలైనది. వెనుక సగము, అందులోని గదులలో నిద్రించుచున్న వారితో సహా, ప్రవాహములో కొట్టుకొని పోయింది. కెప్టెను, ఆయన భార్య ఇద్దరూ మునిగిపోయారు. తొమ్మిదిమంది మాత్రము ఓడ పడవలో తప్పించుకొని పోగా, వారిని తరువాత వేరొక ఓడవారు ఎక్కించుకొన్నారు. ముందు సగము బండకు గ్రుచ్చుకొని నిలిచింది. అందులోనివారు కొందరు బండమీదికి ప్రాకారు.

గ్రేస్ కేకలు విన్నదని మేము చెప్పాము. ఆ కిటికీ దగ్గర నిలుచుండి చూస్తే ఆ మాట అసాధ్యమని ఎవరికైనా తెలుస్తుంది. బండ ఎంతో దూరమున ఉన్నది. ఆ గాలిలో ప్రక్క గదిలోని కేక కూడ వినబడి ఉండదు. ఆమె చూచింది, వినలేదు. ఐదు కావస్తుండగా కిటికీలోనుండి చీకటిలో నల్లగా ఏదో పెద్ద ఆకారము కనుపించింది. తండ్రిని లేపింది. ఇద్దరూ దుర్భిణితో చూచారు. మనుష్యులెవరూ కనుపించలేదు. సుమారు రెండు గంటలసేపు అలాగే చూస్తూ ఉండిపోయారు. ఏడు గంటల వేళ, పాటు తీసి, వెలుతురు వచ్చిన తరువాత, బండమీద మనుష్యులు కదలుట కనుపించింది.

వెంటనే పరుగెత్తారని కూడ మేము చెప్పాము. అదియు సరికాదు. విలియం డార్లింగ్ గారు ఆ నీళ్లను ముప్పై ఏండ్లుగా ఎరిగిన మనిషి. లెక్క వేసుకొన్నారు. వారి పడవ కోబుల్ అనే రకము, సుమారు ఇరవై అడుగుల చేపల పడవ. అటువంటి సముద్రములో దానికి ముగ్గురు మగవారు కావలెను. తిన్నగా పోతే దగ్గర దారే గాని గాలి, కెరటము నేరుగా కొడతాయి. దీవుల మరుగున చుట్టు తిరిగి పోతే సుమారు ఒక మైలు, కాని పోగల దారి. పోవుటకు నీటి పాటు సహాయము చేస్తుంది. తిరిగి వచ్చు వేళకు అది తిరగబడుతుంది. అప్పుడు తండ్రీ కూతుళ్ల బలము చాలదు. బండమీద తెడ్డు వేయగల మగవాడు ఒక్కడైనా ఉంటేనే తిరుగు ప్రయాణము. లేకుంటే వారు కూడ ఆ బండమీదనే ఉండిపోవలసినది. ఇది తెలిసియే ఇద్దరూ పడవ దింపారు.

పడవ దింపినది ఇద్దరు కాదు, ముగ్గురు. తల్లి థామసిన్ గారు కూడ చేయి వేసి నీళ్లలోనికి నెట్టారు. ఆమె అప్పటికి అరవై దాటిన ముసలామె. భర్తను, ఇంట మిగిలిన ఒక్క కూతురిని ఆ కెరటములలోనికి తన చేతులతో నెట్టి, ఆ గోపురములో ఒంటరిగా నిలిచిన ఆమెను మేము ఇరవై ఏండ్ల కథలో ఒక్కసారైనా పేరు పెట్టి తలచలేదు. మా నీలిగుడ్డ మీద ఆమె బొమ్మ లేదు.

వారు బండ చేరేసరికి తొమ్మిదిమంది ప్రాణములతో ఉన్నారు. ఎనమండుగురు మగవారు, ఒక స్త్రీ. ఆ స్త్రీ సారా డాసన్. ఆమె చేతులలో ఇద్దరు పిల్లలు ఉన్నారు – జేమ్స్, మటిల్డా. ఇద్దరూ ఆ రాత్రి చలికి, కెరటముల తాకిడికి తల్లి చేతులలోనే చనిపోయారు. ఆమె వారిని వదలలేదు. జాన్ రాబ్ అనే పాదిరిగారు కూడ ఆ బండమీదనే కన్నుమూశారు.

పడవను బండకు కట్టుటకు వీలులేదు. కట్టితే కెరటము దానిని బండకేసి పగులగొడుతుంది. విలియం డార్లింగ్ గారు అదను చూచి బండమీదికి దుమికారు. ఇక పడవలో గ్రేస్ ఒక్కతే. రెండు తెడ్లూ తానే పట్టి, కెరటము లోపలికి నెట్టినప్పుడు వెనుకకు, బయటికి లాగినప్పుడు ముందుకు వేస్తూ, బండకు తగులకుండ, దూరము పోకుండ నిలిపింది. తండ్రి అక్కడ గాయపడినవారిని లేవదీయవలెను, అందరూ ఒక్కసారిగా పడవలోనికి దుముకకుండ ఆపవలెను, బిడ్డల శవములను విడువని తల్లిని ఒప్పించవలెను. అది ఎంతసేపో ఎవరూ గడియారము పెట్టి చూడలేదు. ఒంటరిగా అన్న మా మాటలో నిజము ఉన్నదంటే ఈ కొద్దిసేపే. కాని పడవ ఎరిగినవారు చెప్పగలరు, పడవ నడుపుట కంటె అటువంటి చోట పడవను నిలుపుటే కష్టము.

మొదటి విడత సారా డాసన్‌ను, గాయపడిన ఒకనిని, మరి ముగ్గురిని ఎక్కించుకొని వచ్చారు. గట్టిగా ఉన్న మగవారు తెడ్లు అందుకొన్నారు. లెక్క తప్పలేదు. ఇంటికి చేరిన తరువాత గ్రేస్ దిగి తల్లితో కలిసి వచ్చినవారి పరిచర్యలో పడింది. తండ్రి, రక్షింపబడిన ఓడ పనివారిలో ఇద్దరు, తిరిగి పోయి మిగిలిన నలుగురిని తెచ్చారు. తొమ్మిది గంటలకెల్లా అందరూ లాంగ్‌స్టోన్ వంటింటి పొయ్యి చుట్టు చేరారు.

ఈ లోపల తీరమున నార్త్ సండర్లాండ్ గ్రామములో ఏడుగురు జాలరులు తమ పడవ వేసుకొని అయిదు మైళ్ల దూరము ఆ గాలికి ఎదురుగా తెడ్లు వేసుకొంటూ బయలుదేరారు. వారిలో గ్రేస్ తమ్ముడు విలియం బ్రూక్స్ ఒకడు. చచ్చి బ్రతికి వారు హార్కర్ బండకు చేరునప్పటికి అక్కడ బ్రతికి ఉన్నవారెవరూ లేరు. పాదిరిగారి దేహము, పసిబిడ్డల ఇద్దరి దేహములు ఉన్నవి. వాటిని కెరటము అందని ఎత్తున జాగ్రత్తగా ఉంచారు. ఇంటికి పోదామంటే సముద్రము పోనివ్వలేదు. లాంగ్‌స్టోన్ చేరితే అక్కడ లోపల చోటు లేదు. బయట ఉన్న పాడుబడిన కొట్టములో తడిబట్టలతో పండుకొన్నారు. ఆ రెండు దినములు ఆ బండమీద ఇంటివారు ముగ్గురు, రక్షింపబడినవారు తొమ్మిదిమంది, వీరు ఏడుగురు, మొత్తము పందొమ్మిదిమంది. ఆదివారమునకు గాని గాలి తగ్గలేదు. తల్లీ కూతుళ్లు ఇంత మందికి ఏమి వండిపెట్టారో, ఆ రొట్టెల పిండి ఎంతవరకు వచ్చిందో తెలుసుకోవలెనని మాకు ఇప్పటికీ ఆశ. ఏ చిత్రకారుడూ ఆ వంట బొమ్మ గీయలేదు.

ఆ ఏడుగురిని గూర్చి చదివినప్పుడు మాకు మన దివిసీమ గుర్తుకు వచ్చింది. 1977 నవంబరు 19 ఉప్పెన తరువాత మన సంఘపు యువకులతో అక్కడికి వెళ్లినవారిలో మేమూ ఉన్నాము. బ్రతికి ఉన్నవారిని చెట్లమీదనుండి దింపిన భాగ్యము మాకంటె ముందు వచ్చినవారికి దక్కింది. మాకు దక్కినది పూడ్చే పని. అక్కడ మాతోకూడ పనిచేసిన వారి పేర్లు ఎక్కడా లేవు, మాకే సగము జ్ఞాపకము లేవు. బ్రతికినవారికోసము పోయి చనిపోయినవారిని ఎత్తు భాగ్యమే కలిగిన ఆ ఏడుగురికి లోకము ఇచ్చిన పేరు బహు స్వల్పము. తీరపు గ్రామములలో దీనివలన కొంత మనస్తాపము మిగిలినదనుటలో ఆశ్చర్యము లేదు.

తండ్రిగారు దీపస్తంభపు దినచర్య పుస్తకములో ఈ సంఘటనను కొద్ది వరుసలలో వ్రాశారు. ఓడ పేరు, బరువు, గాలి దిక్కు, నలభై ముగ్గురు మునిగిరని, తొమ్మిదిమంది తమ పడవలో పోయిరని, మరి తొమ్మిదిమందిని డార్లింగులు రక్షించిరని. గ్రేస్ పేరు ప్రత్యేకముగా లేదు. తన పేరు కూడ లేదు. ఇంటి పేరు మాత్రమే ఉన్నది.

కాని ఓడ ప్రమాదమును విచారించుటకు వచ్చినవారు ఈ కథ విన్నారు. పత్రికలవారు అందుకొన్నారు. దీపస్తంభపు కాపరి, మధ్యవయస్సు దాటినవాడు, తన పని తాను చేశాడంటే ఎవరికి వార్త? ఇరవై రెండేండ్ల ఆడపిల్ల తెడ్డు పట్టినదంటే దేశమంతా లేచి కూర్చున్నది. కొద్ది వారములలో ఆ పేరు తెలియని ఇల్లు లేదు. ఓడ ప్రమాదములనుండి ప్రాణరక్షణ చేయు జాతీయ సంస్థ తండ్రికి, కూతురికి ఇద్దరికీ వెండి పతకములు ఇచ్చింది. రాయల్ హ్యూమేన్ సొసైటీ బంగారు పతకము ఇచ్చింది. విక్టోరియా రాణి, అప్పుడు తానును పందొమ్మిదేండ్ల పడుచే, 50 పౌనులు పంపింది. దేశము నలుమూలలనుండి వచ్చిన చందాలు 700 పౌనులు దాటినవి. ఆ ధనమునకు నార్తంబర్లాండు డ్యూకుగారు సంరక్షకులై, ఆమెకు పెద్ద దిక్కుగా నిలిచారు. ఆయన ఒక గడియారమును బహుకరించారు.

ధనముతో కూడ జనము వచ్చింది. డజనుమంది చిత్రకారులు పడవలెక్కి బండకు వచ్చి, ఆమెను కూర్చోబెట్టి బొమ్మలు గీశారు. వచ్చినవారికి వంట ఎవరు చేస్తారు? ఆమెయే. తండ్రిగారు విసిగి, ఇక బొమ్మలకు కూర్చొను తీరిక తమకు లేదని పత్రికకు జాబు వ్రాయవలసి వచ్చింది. జుట్టు కత్తిరించి పంపుమని, ఆ దినము కట్టిన బట్ట పేలిక పంపుమని, సంతకము చేసి పంపుమని సంచులకొలది ఉత్తరములు. ముక్కు మొగము తెలియనివారు పెండ్లి చేసుకొంటామని వ్రాశారు. నాటకశాలలవారు పడవలో కూర్చొని కనుపిస్తే చాలు, ధనమిస్తామన్నారు. ఆమె పోలేదు. ఎవరినీ చేసుకొనలేదు. బండ విడిచి కాపురము మార్చలేదు. వచ్చిన ఉత్తరములకు చేతనైనంతవరకు జవాబులు వ్రాసి, తిరిగి దీపపు పళ్లెములు తుడుచుటకు మెట్లు ఎక్కింది. కాలక్రమమున ఆమె బొమ్మ చాక్లెట్ పెట్టెల మీదకు కూడ ఎక్కింది. బొమ్మ మారిన కొలది తండ్రి పడవలోనుండి కనుమరుగైనాడు, కెరటము ఎత్తైనది, జుట్టు విడిపోయింది. మా నీలిగుడ్డ మీది పిల్ల ఆ బొమ్మలలోనుండి దిగివచ్చినదే.

1842 వసంతములో ఆమె దక్షిణముగా కోకెట్ దీవిలో దీపము కాయుచున్న పెద్దన్నను చూచుటకు పోయి, జలుబుతో తిరిగి వచ్చింది. దగ్గు తగ్గలేదు. వైద్యము కొరకు బాంబరోకు, తరువాత గాలి మార్పునకని వూలర్‌కు, ఆపైన డ్యూకు దంపతుల ఏర్పాటుతో ఆల్నిక్ పట్టణమునకు తీసుకొనిపోయారు. డ్యూకుగారి సొంత వైద్యుడే చూచాడు. అది క్షయ. ఆ కాలములో దానికి మందు లేదు. తనకు పుట్టిన ఊరికి పోవలెనని ఉండగా బాంబరోకు తెచ్చారు. 1842 అక్టోబరు 20న తండ్రి చేతులలో కన్నుమూసింది. ఇరవై ఏడవ ఏడు ఇంకా నిండలేదు. కీర్తియే ఆమెను చంపినదని కొందరు వ్రాశారు. మేము అంత దూరము పోము. ఆ రోజులలో ఏ కీర్తీ లేని పడుచులు కూడ ప్రతి ఊరిలో క్షయతో పోయారు. కాని ఆ ఉదయము తరువాత ఆమెకు మిగిలిన నాలుగేండ్లలో ఆమెవి అనుకొనదగిన దినములు ఎన్నో మాకు సందేహమే.

బాంబరో దేవాలయపు ఆవరణములో ఆమెకు 1844లో కట్టిన జ్ఞాపక మండపము ఉన్నది. పైకప్పు క్రింద పడుకొన్న రాతి విగ్రహము, ప్రక్కన తెడ్డు. సముద్రములో పోవు ఓడలకు కనుపించునట్లు ఎత్తైన చోట కట్టారు. గాలికి వానకు అరిగిన తొలి విగ్రహమును గుడి లోపలికి మార్చి, బయట వేరొకటి ఉంచారు. యాత్రికులు ఫొటోలు తీసుకొనేది దాని దగ్గరే. మేము కూడ తీసుకొన్నాము. అది సమాధి కాదని తరువాత తెలిసింది. సమాధి కొంచెము దూరములో ఉన్నది. ఆడంబరము లేని కుటుంబపు సమాధి, అందరిలో ఆమె. 1848లో తల్లి ఆమె ప్రక్కకు చేరింది. తండ్రిగారు కూతురు పోయిన తరువాత కూడ పదునెనిమిదేండ్లు ఆ దీపము కాచి, 1860లో పని విరమించి, 1865లో అక్కడికే వచ్చారు.

గుడికి ఎదురుగా ఉన్న మ్యూజియములో ఆ పడవ ఉన్నది. మేము దాని ప్రక్కన చాలాసేపు నిలుచున్నాము. కృష్ణా తీరమున పుట్టి పడవలు ఎరిగినవారము గనుక తెడ్ల జాగా, కూర్చొను బల్లలు కంటితోనే కొలిచాము. ఇందులో ఒక్కసారికి తొమ్మిదిమందిని ఎక్కించుట జరిగే పని కాదు. రెండు విడతలు ఎందుకో ఆ పడవను చూస్తే చిన్నపిల్లలకు కూడ తెలుస్తుంది. ఇప్పుడు లాంగ్‌స్టోన్‌లో కాపరి లేడు. 1952లో విద్యుచ్ఛక్తి వచ్చింది, 1990నుండి దీపము తనంత తానే వెలుగుతుంది. సాయంత్రము సీహౌసెస్ రేవులో నిలుచుండి దాని వెలుగు వచ్చేవరకు చూచాము. ఇరవై సెకనులకు ఒక మెరుపు. మా ఇంటావిడ వేళ్ల మీద లెక్కపెట్టింది.

తిరిగి వచ్చిన తరువాత సండేస్కూలు ఉపాధ్యాయుల అనుమతితో ఒక ఆదివారము పిల్లలకు ఈ కథ మళ్లీ చెప్పాము. పాత నీలిగుడ్డనే పరచి, దానిమీద నల్లకాగితపు బండలు, చుట్టు తిరిగి పోయిన దారి, రెండు విడతలు, ఒడ్డున తల్లి, దూరమున ఏడుగురి పడవ అన్నియు పెట్టాము. మునుపటికంటె ఎక్కువసేపు పట్టింది. అయిన తరువాత ఒక చిన్నపిల్ల లేచి, పడవ నెట్టిన అమ్మమ్మ పేరు ఏమిటని అడిగింది. థామసిన్ అని నల్లబల్ల మీద వ్రాశాము. పలుకుట కష్టమై పిల్లలు మూడు నాలుగు సార్లు పలికారు.